జనన పత్రంలో తండ్రి గడి ఖాళీ: 1891లో పుట్టిన పూర్వికుడి తండ్రిని గుర్తించడం ఎలా?

వేరుల_వెంట:

సభ్యులందరికీ నమస్కారం. మా వారిది ఇంగ్లండు కుటుంబం. మా మామగారి తాతగారు 1891 డిసెంబర్ 28న అక్కడి ఒక పల్లెలో, పెళ్ళి కాని తల్లికి పుట్టారు. ఆయన జనన పత్రం నకలు తెప్పించాను. తండ్రి పేరు, తండ్రి వృత్తి రాయవలసిన రెండు గడుల్లోనూ అడ్డగీత మాత్రమే ఉంది. వివరాలు చెప్పింది తల్లే. చదువు రానందువల్ల సంతకానికి బదులు ఇంటూ గుర్తు పెట్టింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు, ఇంటిపనులు చేసే కొలువులో ఉండేది. 1901 జనాభా లెక్కల్లో ఆ పిల్లవాడు తల్లి ఇంటిపేరుతో, అమ్మమ్మ తాతల ఇంట్లో మనవడిగా నమోదయ్యాడు. తల్లి 1897లో వేరొకరిని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆ పెళ్ళిలో పుట్టిన పిల్లలు వేరే ఉన్నారు.

తాతగారు 1919లో పెళ్ళి చేసుకున్నప్పుడు మాత్రం తండ్రి గడిలో ఒక పేరు రాయించి, పక్కన 'మరణించారు' అని పెట్టించారు. ఆ పేరు ఆయనను పెంచిన తాతదే. తాతగారి సొంత పేరు మధ్యలో ఇంటిపేరులా ధ్వనించే మాట ఒకటి ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. తాతగారి తల్లి పనిచేసిన ఇంటి యజమానే ఆ బిడ్డకు తండ్రి అని మా అత్తవారింట్లో చాలామంది గట్టిగా నమ్ముతారు.

మా మామగారు, ఆయన మేనత్తగారు (తాతగారి ఆఖరి కూతురు, తొంభై దాటినవారు) ఆరోగ్యంగానే ఉన్నారు. ఇంతవరకు ఎవరూ డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోలేదు. కాగితాలతో మొదలుపెట్టాలా, పరీక్షతో మొదలుపెట్టాలా అన్నది నా సందేహం.

పాత_దస్తరం:

రెండూ మొదలుపెట్టండి. మేనత్తగారి వయసు దృష్ట్యా పరీక్ష ముందు జరగాలి. దాని సంగతి జన్యుపత్రం గారు చెబుతారు కనుక నేను కాగితాల వరకే రాస్తాను.

ముందుగా ఆ ఖాళీ గడి విషయం. తల్లికి తండ్రి ఎవరో తెలియదనో, చెప్పడానికి ఒప్పుకోలేదనో దాన్ని బట్టి అనుకోవడానికి లేదు. ఇంగ్లండు, వేల్స్‌లలో 1875 నుంచి అమలైన చట్టం ప్రకారం, పెళ్ళి కాని తల్లి బిడ్డను నమోదు చేయించేటప్పుడు తండ్రి కూడా స్వయంగా వచ్చి, ఇద్దరూ కలిసి కోరి, అతను సంతకం చేస్తే తప్ప రిజిస్ట్రారు అతని పేరు రాయకూడదు. ఆమె పది మంది ఎదుట పేరు చెప్పినా ఆ గడి ఖాళీగానే ఉండేది. పెళ్ళి పత్రంలోని పేరుకైతే అసలు విలువే ఇవ్వకండి. అక్కడ రాసేవాడు పెళ్ళికొడుకు చెప్పింది రాసుకుంటాడు, రుజువు అడగడు. నలుగురి ముందు ఆ గడి ఖాళీగా వదిలేయడం ఇష్టం లేక పెంచిన తాత పేరో, మారుతండ్రి పేరో, ఒక్కోసారి పూర్తిగా కల్పించిన పేరో చెప్పినవారు చాలామంది.

మీరు వెతకవలసిన అసలు కాగితం వేరే ఉంది. 1872 నాటి చట్టం ప్రకారం పెళ్ళి కాని తల్లి, బిడ్డ పుట్టకముందుగానీ పుట్టిన 12 నెలల లోపుగానీ, స్థానిక మేజిస్ట్రేట్లు కూర్చునే పెటీ సెషన్స్ కోర్టులో ఫలానావాడు తండ్రి అని ఫిర్యాదు చేయవచ్చు. అతను ఆ 12 నెలల్లో బిడ్డ కోసం డబ్బు ఇచ్చి ఉంటే గడువు దాటాక కూడా చేయవచ్చు. ఆమె ఒక్క మాట చాలదు. ముఖ్యమైన ఏదో ఒక అంశంలో దాన్ని బలపరిచే మరో సాక్ష్యం ఉండాలి. అతను రాసిన ఉత్తరమో, ఇద్దరూ కలిసి తిరగడం చూసినవారి వాంగ్మూలమో అయినా సరిపోయేది. మేజిస్ట్రేట్లు నమ్మితే వారానికి 5 షిల్లింగులకు మించకుండా, మామూలుగా బిడ్డకు 13 ఏళ్ళు వచ్చేదాకా చెల్లించమని ఉత్తర్వు వేసేవారు. దీన్ని ఎఫిలియేషన్ ఆర్డరు అంటారు. ఆ కోర్టుల రిజిస్టర్లు మిగిలి ఉంటే కౌంటీ రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. అవి పోయిన చోట కూడా స్థానిక వారపత్రికలు ఈ కేసులను క్లుప్తంగా, కొన్నిసార్లు ఎగతాళి ధోరణిలో వేసేవి. సాక్షి ఎవరు, ఏం చెప్పాడు, బెంచీలో ఎవరు నవ్వారు అన్నదాకా రాసిన వార్తలు చదివాను. ఆ తల్లుల మీద జాలి వేస్తుందిగానీ మనలాంటివారికి అంతకు మించిన ఆధారం దొరకదు.

బాప్టిజం రిజిస్టరు కూడా చూడండి. ముద్రించిన గడుల్లో తండ్రి పేరు లేకపోయినా, ఊరంతా అనుకుంటున్న పేరును పాస్టరు అంచున రాసి పెట్టిన సందర్భాలున్నాయి.

ఇక జనాభా లెక్కలు. 1891 లెక్కలు తీసింది ఏప్రిల్ 5 రాత్రికి. గర్భం నిలిచినప్పటి నుంచి కాన్పు దాకా సగటున 38 వారాలు వేసుకుని డిసెంబర్ 28 నుంచి వెనక్కి లెక్కిస్తే ఏప్రిల్ మొదటి వారం వస్తుంది. నెలలు నిండని కాన్పు కాదనుకుంటే, అటూ ఇటూ రెండు మూడు వారాలు వదిలినా, ఆ రాత్రి ఆమె ఎవరింట్లో ఉందో తెలియడం మీకు చాలా ముఖ్యం. ఇలాంటి యోగం అందరికీ పట్టదు.

జన్యుపత్రం:

పాత_దస్తరం గారి మాటే నాదీ: మేనత్తగారి చేత వెంటనే పరీక్ష చేయించండి. ఆ తెలియని వ్యక్తి ఆమెకు సొంత తాత. అంటే ఆమె డీఎన్‌ఏలో సగటున నాలుగో వంతు అతని నుంచి వచ్చింది. మీ మామగారిలో అది ఎనిమిదో వంతు, మీ వారిలో పదహారో వంతు. తరం మారిన కొద్దీ సగం సగం జారిపోయేది మళ్ళీ రాదు. ఆమెనూ మామగారినీ పరీక్షించగలిగితే ఈ ప్రశ్న వరకు మీ వారి పరీక్ష వల్ల కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

అయితే మామగారికి వేరే పరీక్ష ఒకటి కావాలి. తాతగారు మగవారు, ఆయన కొడుకు మగవాడు, మామగారు ఆ కొడుక్కి కొడుకు. కాబట్టి తెలియని తండ్రి వై క్రోమోజోము దాదాపు యథాతథంగా మామగారిలో ఉంది. ఫ్యామిలీ ట్రీ డీఎన్‌ఏ సంస్థ వై పరీక్ష 37 గుర్తులతోనూ (పోల్చి చూసే చోట్లతోనూ) 111 గుర్తులతోనూ చేస్తుంది. ఇంకా లోతైనది బిగ్ వై 700. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి దిగే సమాజంలో వై మ్యాచ్‌లు (పరీక్షలో మనతో డీఎన్‌ఏ కలిసినవారు) ఆ ఇంటిపేరును పట్టి ఇవ్వవచ్చు. వ్యక్తిని మాత్రం పట్టి ఇవ్వవు. అన్నదమ్ములందరిదీ, వాళ్ళ నాన్నదీ, పినతండ్రులదీ ఒకే వై.

ఎక్స్ క్రోమోజోము జోలికి పోకండి. మగబిడ్డకు ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కనుక ఆ తండ్రి ఎక్స్ తాతగారి దాకానే రాలేదు.

ఎక్స్, వై కాని మిగతా క్రోమోజోములను చూసే మామూలు ఆటోసోమల్ పరీక్షను ముందు యాన్సెస్ట్రీ అనే సంస్థలో చేయించండి. వేరే చోట చేయించిన ఫలితాలను వాళ్ళు స్వీకరించరు, కానీ వాళ్ళ దగ్గర చేయించిన ముడి ఫలితాన్ని దించుకుని జెడ్‌మ్యాచ్‌ లాంటి, ఇతరుల ఫలితాలతో పోల్చి చూపే సైట్లలో పెట్టుకోవచ్చు.

సందేహి:

ఒక మాట అడ్డం వేస్తున్నందుకు ఏమీ అనుకోకండి. తొంభై దాటిన ఆవిడ లాలాజలం సీసాలో పోయించుకోవడానికి ముందు, ఇందులోంచి ఏమేమి బయటపడవచ్చో ఆమెకు విడమరచి చెప్పారా? ఈ పరీక్ష మీరడిగిన ప్రశ్నకే జవాబు చెప్పి ఊరుకోదు. తాతగారి విషయం తేలకపోవచ్చు. దానికి బదులు ఆమె తోబుట్టువుల్లో ఒకరు వేరే తండ్రి బిడ్డ అని తేలవచ్చు. ఫలితాల ఖాతా ఎవరి చేతుల్లో ఉంటుంది, ఆమె తదనంతరం దాన్ని ఏం చేయాలి అన్నది కూడా కాగితం మీద రాసి ఆమె ఒప్పుదల తీసుకోండి.

ఇంకొకటి. యజమాని కథను నమ్మి పని మొదలుపెట్టకండి. పనిమనిషికి పుట్టిన బిడ్డ ప్రతి కుటుంబంలోనూ ఎందుకో పెద్దింటి అయ్యగారి బిడ్డే అవుతాడు, పక్క పొలంలో పనిచేసే కూలివాడి బిడ్డ ఎప్పుడూ కాడు. నిజంగా యజమానే అయిన సందర్భాలు లేవని అనను. కానీ ఆ కథకు పుట్టుక ఎప్పుడో, మొదట చెప్పింది ఎవరో మీకు తెలుసా?

వేరుల_వెంట:

ఇద్దరికీ, సందేహి గారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. మేనత్తగారితో అన్నీ మాట్లాడాము. 'నా తండ్రి బతికున్నంత కాలం ఈ మాట ఎత్తనివ్వలేదు, ఇప్పుడు తెలుసుకునే హక్కు నాకే అందరికంటే ఎక్కువ' అన్నారు. ఒప్పుదల పత్రం ఆమే చెప్పి రాయించుకున్నారు. యజమాని కథ ఆమెకు తెలియదట. మా మామగారి తల్లి పెళ్ళయి వచ్చాక చెప్పడం మొదలుపెట్టిందని ఆమె అభిప్రాయం. పరీక్షలు పంపించాము.

1891 లెక్కల్లో తాతగారి తల్లి ఒక రైతు ఇంట్లో పనిమనిషిగా దొరికింది. ఆ పుటలో వరసగా రైతు (58), భార్య, పెద్ద కొడుకు (24), చిన్న కొడుకు (19), దుక్కిదున్నే పనివాడు (26), చివర ఆమె. ఇంట్లో నలుగురు మగవాళ్ళన్నమాట! పెటీ సెషన్స్ రిజిస్టర్ల గురించి కౌంటీ రికార్డు ఆఫీసుకు రాస్తే, ఆ డివిజనుకు 1894కు ముందువి మిగలలేదని జవాబు వచ్చింది. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో ఆమె ఇంటిపేరుతో వెతికితే ఏమీ రాలేదు. బాప్టిజం రిజిస్టరులో తల్లి పేరు ఒక్కటే ఉంది.

పాత_దస్తరం:

ఆ నలుగురినీ అనుమానితుల జాబితాగా రాసి పెట్టుకోండిగానీ, అదే పూర్తి జాబితా అనుకోకండి. లెక్కలవాడు వచ్చింది ఒక్క రాత్రికి. ఆమె ఆదివారం ఎక్కడికి వెళ్ళేదో, పాలు పోయించుకోవడానికి ఆ ఇంటికి ఎవరు వచ్చేవారో అందులో ఉండదు. ఆ ఇంటి చుట్టూ ఉన్న పొలాల్లో, పక్క పారిష్‌లో (చర్చి పరిధి ప్రాంతంలో) ఉన్న పెళ్ళి కాని యువకులందరూ కూడా లెక్కలోకి వస్తారు.

పత్రికల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. పాత అచ్చును యంత్రం చదివి అక్షరాలుగా మార్చింది కాబట్టి పేర్లు ఘోరంగా చెడిపోతాయి. ఆమె ఇంటిపేరు దొరకలేదంటే వార్త లేదని కాదు. 1891 చివరి నుంచి 1892 ఆఖరు దాకా ఆ కోర్టు పేరు పెట్టి, ఒక్కొక్క వారం వార్తను కళ్ళతో చదవడమే దారి. విసుగు పుట్టించే పనేగాని తప్పదు.

మూడోతరం:

ఈ చర్చ చదువుతూ నాదీ అడగాలనిపించింది. మా పూర్వికురాలు 1864లో స్కాట్లండులో పుట్టింది, తండ్రి పేరు లేదు. ఆమె కూతురి కూతురి కొడుకు పరీక్ష చేయించుకున్నాడు. వై పరీక్ష మాకు పనికిరాదని అర్థమైంది. మరి మాకేమిటి దారి?

పాత_దస్తరం:

స్కాట్లండులో మీకు ఇంగ్లండువాళ్ళకు లేని సౌకర్యం ఒకటుంది. అక్కడ పౌర నమోదు 1855లో మొదలైంది. తర్వాత షెరిఫ్ కోర్టు ఫలానావాడే తండ్రి అని తీర్పు ఇస్తే, ఆ సంగతిని రిజిస్టర్ ఆఫ్ కరెక్టెడ్ ఎంట్రీస్ అనే పుస్తకంలో ఎక్కించి, అసలు జనన నమోదు అంచున దాని గుర్తు వేసేవారు. మీ దగ్గరున్న నకలు బొమ్మలో ఎడమ అంచును పెద్దది చేసి చూడండి. ఏమీ లేకపోతే కిర్క్ సెషన్ (స్థానిక చర్చి పెద్దల సభ) మినిట్లు చూడండి. ఆ చర్చి పెద్దలు పెళ్ళి కాని తల్లిని పిలిపించి తండ్రి పేరు అడిగేవారు, అతణ్ణి కూడా పిలిపించేవారు, ఇద్దరి జవాబులూ రాసుకునేవారు. ఈ రెండూ స్కాట్లండ్స్‌పీపుల్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు.

ఏ కాగితం ఉంటుందన్నది పూర్తిగా ఆ దేశపు చట్టాన్ని బట్టి ఉంటుంది. ఫ్రాన్సులో 1804 నాటి సివిల్ కోడ్ పితృత్వ విచారణనే నిషేధించింది. 1912లో చట్టం మారేదాకా తల్లి కోర్టుకు వెళ్ళి తండ్రిని నిరూపించే దారి దాదాపు లేనట్టే. కాబట్టి అక్కడ తండ్రి తనంతట తాను బిడ్డను ఒప్పుకున్నాడా అని జనన నమోదు అంచులో చూడాలి. ఇంగ్లండులోనే 1834కు ముందు తరాలకైతే కథ ఇంకోలా ఉంటుంది. బిడ్డ పోషణ భారం పారిష్ మీద పడకూడదని అధికారులే గర్భవతి చేత ప్రమాణపూర్వకంగా పేరు చెప్పించి, అతని చేత హామీ పత్రం రాయించుకునేవారు. బాస్టర్డీ బాండ్లుగా మిగిలినవి ఆ పత్రాలే. ఊరి ఖజానా మీద వాళ్ళకున్న ప్రేమ మనకిప్పుడు ఇలా ఉపయోగపడుతోంది.

జన్యుపత్రం:

మూడోతరం గారూ, వేరుల_వెంట గారికి ఎక్స్ క్రోమోజోము వద్దన్నాను, మీకు మాత్రం కావాలి. ఆడబిడ్డకు తండ్రి తన ఒక్క ఎక్స్‌నూ కలగలపకుండా మొత్తంగా ఇస్తాడు. అక్కడి నుంచి కూతురు, ఆమె కూతురు, ఆమె కొడుకు వరకు ఎక్కడా తండ్రి-కొడుకు మెట్టు రాలేదు కాబట్టి ఆ ఎక్స్ ముక్కలు మీ బంధువు దాకా వచ్చి ఉండే వీలుంది. యాన్సెస్ట్రీ ఎక్స్ మ్యాచ్‌లను చూపదు, జెడ్‌మ్యాచ్ చూపుతుంది. చిన్న చిన్న ఎక్స్ ముక్కలను నమ్మకండి. అవతలి మనిషితో మామూలు క్రోమోజోముల్లో కూడా చెప్పుకోదగ్గ భాగం కలిస్తేనే ముందుకు వెళ్ళండి.

వేరుల_వెంట గారూ, ఫలితాలు వచ్చేలోపు మ్యాచ్‌లను విడదీయడం ఎలాగో చెబుతాను. వంశ పరిశోధకురాలు డేనా లీడ్స్ 2018లో వివరించిన రంగుల పద్ధతి మీ మేనత్తగారికి అచ్చంగా సరిపోతుంది. సుమారు 400 నుంచి 90 సెంటీమోర్గాన్ల (ఇద్దరు పంచుకున్న డీఎన్‌ఏకు కొలత) మధ్య ఉన్న మ్యాచ్‌లను తీసుకోండి. మొదటివారికి ఒక రంగు వేసి, వారితో ఉమ్మడిగా కలిసే వారందరికీ అదే రంగు వేయండి. రంగు పడని తర్వాతివారికి రెండో రంగు వేయండి. ఇలా పోతే సాధారణంగా నాలుగు గుంపులు తేలతాయి, అవి ఆమె నలుగురు తాత అవ్వలవి. వారిలో ముగ్గురు మీకు తెలుసు: ఆమె తల్లి తల్లిదండ్రులు ఇద్దరు, తాతగారి తల్లి ఒకరు. తాతగారి తల్లికి 1897 పెళ్ళిలో పుట్టిన పిల్లల సంతతి ఎవరైనా పరీక్ష చేయించుకుని ఉంటే, వారితో కలిసే గుంపు ఆమెది. వీళ్ళెవరికీ చెందకుండా మిగిలిపోయిన నాలుగో రంగే మీరు వెతుకుతున్న మనిషి.

బంధువుల్లోనే పెళ్ళిళ్ళు జరిగిన ఊళ్ళలో రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు ఈ పద్ధతి తప్పుదారి పట్టిస్తుంది.

వేరుల_వెంట:

ఫలితాలు వచ్చాయి. మీరు చెప్పినట్టే నాలుగు రంగులు తేలాయి, నాలుగో గుంపు స్పష్టంగా విడిపడింది. అందులో అన్నిటికంటే పెద్ద మ్యాచ్ 214 సెంటీమోర్గాన్లు, తర్వాతిది 118, ఆ కింద చిన్నవి చాలా ఉన్నాయి. మొదటి ఇద్దరికీ వంశవృక్షాలు సగం సగమే ఉంటే నేనే కూర్చుని జనన, వివాహ సూచికలతో పైకి కట్టుకుంటూ వెళ్ళాను. ఇద్దరూ ఒకే దంపతుల దగ్గర కలిశారు: పక్క పారిష్‌లో బండి చక్రాలు చేసే వడ్రంగి, అతని భార్య. ఒకరు ఆ దంపతుల పెద్ద కూతురి మనవడు, మరొకరు రెండో కూతురి మునిమనవరాలు.

మామగారి వై పరీక్షలో 111 గుర్తుల దగ్గర ఒకటి రెండు తేడాలతో కలిసినవారు ఇద్దరు. ఇద్దరిదీ ఆ వడ్రంగి ఇంటిపేరే! రైతు ఇంటిపేరు మాత్రం ఏ మ్యాచ్ చెట్టులోనూ, ఎంత వెతికినా, ఒక్కసారి కూడా రాలేదు.

తాతగారి పేరు మధ్యలోని మాట తల్లి అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు. దానికీ తండ్రికీ సంబంధం లేదు.

సందేహి:

అయ్యగారి కథ ముగిసింది. అయినా ఒకటి తేల్చుకోండి. రెండు మ్యాచ్‌లూ వడ్రంగి దంపతుల కూతుళ్ళ సంతతి. కేవలం దాన్ని బట్టి తండ్రి ఆ దంపతుల కొడుకే అని ఎలా అంటారు? వడ్రంగి తమ్ముడి కొడుకు కావచ్చుగా? వై కూడా కలుస్తుంది.

జన్యుపత్రం:

మంచి ప్రశ్న. జవాబు ఆ కింది చిన్న మ్యాచ్‌లలో ఉంటుంది. వడ్రంగి భార్య పుట్టింటివారి సంతతి, అంటే ఆమె అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ వారసులు కూడా మేనత్తగారితో కలుస్తున్నారేమో చూడండి. కలిస్తే తండ్రి ఆ దంపతులిద్దరికీ పుట్టినవాడు. వడ్రంగి తమ్ముడి కొడుకైతే ఆ వదినగారి పుట్టింటివారితో కలవనవసరం లేదు.

అంకెలు కూడా అనుకూలంగానే ఉన్నాయి. దంపతుల కొడుకే తండ్రి అయితే, పెద్ద కూతురి మనవడూ మేనత్తగారూ సెకండ్ కజిన్లు, అంటే ముత్తాత దంపతులు ఒక్కరే అయినవారు. జన్యు వంశ పరిశోధకుడు బ్లెయిన్ బెటింగర్ సేకరించిన లెక్కల్లో సెకండ్ కజిన్ల సగటు సుమారు 229, మీది 214. రెండో కూతురి మునిమనవరాలు ఒక తరం కిందికి. అక్కడ సగటు సుమారు 122, మీది 118. ఇంత దగ్గరగా రావడం మీ అదృష్టం, సగటుకు సగమే వచ్చినా నేను కంగారుపడేవాణ్ణి కాదు. డీఎన్‌ఏ పెయింటర్ సైటులో వాట్ ఆర్ ది ఆడ్స్ అనే సాధనం ఉంది. చెట్టు గీసి, తాతగారిని ఒక్కొక్క చోట పెట్టి చూస్తే, ఏ చోటు ఎంత సంభావ్యమో లెక్క కట్టి చెబుతుంది.

ఆ దంపతులకు కొడుకులు ఎందరు?

వేరుల_వెంట:

నలుగురు. వడ్రంగి భార్య పుట్టింటివైపు మ్యాచ్‌లు మూడు దొరికాయి, కాబట్టి కొడుకుల్లో ఒకరే. పెద్దవాడు 1887లోనే చనిపోయాడు. ఆఖరివాడికి 1891లో పదకొండేళ్ళు. మిగిలినవారు ఇద్దరు: ఒకడు 27 ఏళ్ళవాడు, అప్పటికే పెళ్ళయి భార్యతో వేరే ఊళ్ళో ఉన్నాడు. మరొకడు 23 ఏళ్ళవాడు, పెళ్ళి కాలేదు, తల్లిదండ్రుల ఇంట్లోనే ఉండి పొలాల్లో గుర్రపు బండి తోలేవాడు. ఆ ఇల్లు ఆమె పనిచేసిన రైతు ఇంటికి రెండు మైళ్ళు కూడా లేదు.

పాత_దస్తరం:

ఇప్పుడు పత్రికల దగ్గరికి తిరిగి వెళ్ళండి. ఇదివరకు మీ చేతిలో తల్లి ఇంటిపేరు ఒక్కటే ఉంది. ఇప్పుడు రెండో ఇంటిపేరు ఉంది, అతని వృత్తి ఉంది. వడ్రంగి ఇంటిపేరుతో 1892ను జల్లెడ పట్టండి.

వేరుల_వెంట:

దొరికింది. 1892 మార్చి సంచికలో పెటీ సెషన్స్ వార్తల కింద నాలుగు వరసలు. 23 ఏళ్ళవాడి పూర్తి పేరు, బండివాడు అన్న వృత్తి స్పష్టంగా ఉన్నాయి. ఆమె ఇంటిపేరులో యంత్రం రెండు అక్షరాలు చెడగొట్టింది కాబట్టే మొదట చిక్కలేదు. బొమ్మలో చూస్తే ఆమెదే. అతను రాలేదు. ఆమె అక్క సాక్ష్యం చెప్పింది. వారానికి 2 షిల్లింగుల 6 పెన్నీలు, బిడ్డకు 13 ఏళ్ళు వచ్చేదాకా ఇవ్వాలని ఉత్తర్వు.

మేనత్తగారికి చదివి వినిపించాను. 'అతను రాకపోయినా మా నాన్న పెద్దమ్మ వచ్చిందన్నమాట' అన్నారు.

సందేహి:

నేను అడ్డుపడేవాణ్ణే అయినా ఇది చాలా గట్టిగా ఉందని ఒప్పుకుంటాను. ఉత్తర్వు ఒక్కటే ఉంటే మేజిస్ట్రేట్లు నమ్మారని మాత్రమే తెలిసేది. అతను హాజరు కాని కేసులో ఇంకా అనుమానించేవాణ్ణి. డీఎన్‌ఏ ఒక్కటే ఉంటే ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఆగిపోయేది. మీరు డీఎన్‌ఏ ఇచ్చిన ఇంటిపేరుతోనే వార్తను వెతికారు కదా, మరి రెండూ వేర్వేరు ఆధారాలు ఎలా అవుతాయి అని ఎవరైనా అడిగితే, ఆ తల్లి 1892లో పేరు చెప్పేటప్పుడు మీ పరీక్ష సంగతి ఆమెకు తెలియదని చెప్పండి. అయినా వీలుంటే 27 ఏళ్ళవాడి మనవలు ఎవరినైనా పరీక్షకు ఒప్పించండి. సెకండ్ కజిన్ స్థాయిలో, 200 ప్రాంతాల్లో వస్తే అతను పక్కకు తొలగినట్టే. అతనే తండ్రి అయ్యుంటే వాళ్ళు మేనత్తగారికి తాత ఒక్కడూ అవ్వలు వేరూ అయిన హాఫ్ ఫస్ట్ కజిన్లు అవుతారు, అక్కడ సగటు 450 దగ్గర ఉంటుంది.

వేరుల_వెంట:

ఆ మనవరాలు ఒకావిడ దొరికారు. ఉత్తరం రాశాను, జవాబు ఇంకా రాలేదు. ఉత్తరంలో ఆమె తాతగారి మీద అనుమానం ఉన్నట్టు రాయకుండా, ఇరు కుటుంబాలకు చుట్టరికం ఉన్నట్టు పరీక్షలో తేలిందని మాత్రమే రాశాను. 23 ఏళ్ళవాడు తర్వాత పెళ్ళి చేసుకున్నాడుగానీ సంతానం కనిపించడం లేదు. ఈలోపు ఒక సందేహం: వంశవృక్షంలో ఇతన్ని తండ్రిగా ఎక్కించవచ్చా? తాతగారి ఇంటిపేరు మార్చాలా?

జన్యుపత్రం:

ఇంటిపేరు మార్చకండి. ఆయన పుట్టినప్పటి నుంచి పోయేదాకా వాడుకున్న పేరు అది. తండ్రి చోట ఇతన్ని జన్మనిచ్చిన తండ్రిగా ఎక్కించి, కింద వ్యాఖ్యలో మ్యాచ్‌ల అంకెలు, వై ఫలితం, పత్రిక తేదీ, ఇద్దరు అన్నదమ్ముల్లో ఇతన్నే ఎందుకు ఎంచుకున్నారో రాయండి. జీవించి ఉన్న మ్యాచ్‌ల పేర్లు బహిరంగ వృక్షంలో పెట్టకండి. మనవరాలి ఫలితం వచ్చేదాకా 'చాలావరకు ఖాయం' అనే మాట వాడండి.

పాత_దస్తరం:

ఇంకో రెండు చోట్ల చూడటం మిగిలింది. ఇలాంటి ఉత్తర్వు మీద తండ్రి క్వార్టర్ సెషన్స్ అనే పై కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ఆ రికార్డులు పెటీ సెషన్స్ పుస్తకాల కంటే బాగా మిగిలాయి. రెండోది జైలు రిజిస్టర్లు. ఉత్తర్వు ప్రకారం డబ్బు కట్టకుండా బకాయి పెట్టినవారిని మేజిస్ట్రేట్లు జైలుకు పంపేవారు. మొదటి వాయిదాకే కోర్టుకు రానివాడు పదమూడేళ్ళూ క్రమం తప్పకుండా కట్టి ఉంటాడని నేననుకోను. 1892 నుంచి 1905 ప్రారంభం దాకా ఆ కౌంటీ జైలు పుస్తకాలు మిగిలి ఉన్నాయేమో అడగండి. అందులో అతని పేరు ఉంటే వయసు, పుట్టిన ఊరుతో పాటు ఎత్తు ఎంత, జుట్టు ఏ రంగు, ఒంటి మీద మచ్చలు ఎక్కడున్నాయో కూడా రాసి ఉండవచ్చు. ఫోటో ఒక్కటీ మిగలని మనిషికి అంతకు మించిన వర్ణన ఇంకెక్కడా దొరకదు.